విద్యుత్తునకు నీరుగంటి యెవరు?

వేరుసెనగ ఊడలు దిగు వేళ వాన మొగము చాటుచేసినచో, ఒక్క తడి విలువ యెంతయో ముదిగుబ్బ రైతునకు ఎవ్వరును బోధింప నక్కఱలేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే యెఱిగిన యీ పీఠభూమిలో, బోరుబావిగల ప్రతి గృహస్థునకును కరెంటు లెక్క చేతివ్రేళ్ల మీదనే యున్నది. సరఫరా ఎన్ని గంటలకు వచ్చెను, మోటారు ఎంతసేపు నీరు పోసెను, ఎన్ని మళ్లు తడిసెను, ఎన్ని మిగిలెను: ఆయనకు తెలియని పద్దు లేదు. కాని ముదిగుబ్బ నుండి బస్సెక్కి అనంతపురమునకు పోయి, అచ్చటి ఉన్నత విద్యాలయములలో ఏ భవనము ఏ గంటకు ఎంత విద్యుత్తును వాడుచున్నదని యడిగినచో, సమాధానము చెప్పగలవా రరుదు. అక్షరమెఱుగని రైతునకు కలిగిన యెఱుక, అక్షరమునకు ఆలయములైన విద్యాసంస్థలకు ఏల కొఱవడెను? నేడు మేము చర్చింపదలచిన విషయ మిదియే.

కొంతకాలము క్రిందట మేమొక కళాశాల భవనమును సాయంకాలము ఏడు గంటల వేళ చూడ తటస్థించెను. ఆ సంస్థ పేరు మాకు ప్రధానము కాదు. పేరు మార్చి ఏ సంస్థకు అంటించినను కథ మారదు. తరగతులు ముగిసి చాలసేపైనది. మేడమీది పొడవాటి గదులలో ఒక్క విద్యార్థియు లేడు. పంకాలు మాత్రము బల్లలకు గాలి విసరుచున్నవి. వసారాలోని దీపములు పగటినుండియే వెలుగుచున్నవని చెప్పిరి. కావలివానిని అడుగగా, స్విచ్చులున్న గదికి తాళము వేసి, తాళపుచెవి తీసికొని అటెండరు ఇంటికి పోయెననియు, తనచేత నేమియు లేదనియు చెప్పెను. పిమ్మట నవ్వుచు, "బిల్లు యాడికి పోతాదో మాకేం తెలుసు సామీ" అనెను. అతని మాటలో దోషము లేదు. ఆ భవనమున పాఠము చెప్పు ఆచార్యునకును బిల్లు ఎచ్చటికి పోవునో తెలియదు. బిల్లు చెల్లించు గుమాస్తాకు పంకాలు ఎచ్చట తిరుగుచున్నవో తెలియదు. వాడుకొనువాడొకడు, చెల్లించువాడొకడు, చూచువాడు ఎవ్వడును లేడు. దుబారా పుట్టుటకు ఇంతకన్న అనువైన చోటు మఱియొకటి యుండునా?

ఒక చిన్న లెక్క వేయుదము. పాతకాలపు పంకా ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు తీసికొనును. నూఱు పంకాలు రాత్రి 12 గంటలు వృథాగా తిరిగినచో 90 యూనిట్లు. అయిదు హార్సుపవరుల మోటారు, తరుగులన్నియు కలుపుకొనినను, ఆ 90 యూనిట్లతో సుమారు 20 గంటలు నీరు తోడును. దినమునకు తొమ్మిది గంటల సరఫరా నాశించు రైతునకు అది రెండు దినములకు మించిన తడి. ఒక్క భవనమున ఒక్క రాత్రి ఎవ్వరికిని అక్కఱకురాని గాలి, ఒక రైతు రెండు దినముల సేద్యమునకు సమానము. సంవత్సరమునకు ఎన్ని రాత్రులో, విద్యాలయములకు ఎన్ని భవనములో పాఠకులే గుణించుకొందురు గాక.

ఇది యింతతో ముగియదు. విద్యుత్తు ఊరకే పుట్టదు. బొగ్గు కాల్చు కేంద్రములలో బొగ్గుతోడ నీరును కావలయును. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వ పర్యావరణశాఖ, శీతలీకరణ గోపురములుగల పాత బొగ్గు విద్యుత్ కేంద్రములకు విధించిన హద్దు ప్రకారము, యూనిటునకు మూడున్నర లీటర్ల వఱకు నీటిని వాడుకొనవచ్చును. ఆ హద్దు ననుసరించి చూచినచో, పైన చెప్పిన 90 యూనిట్లకు 315 లీటర్ల నీరు ఆవిరియగును. 2019లో ఆరంభమైన జలజీవన్ పథకము గ్రామమున మనుష్యునకు దినమునకు 55 లీటర్లు కనీసమని నిర్ణయించినది. అనగా రాయలసీమవంటి కఱవు నేలలో ఒక రాత్రి నూఱు పంకాలు వృథాగా తిరిగిన ఫలితముగా, అయిదుగురు మనుష్యుల ఒక దినపు నీరు గాలిలో కలిసిపోవుచున్నదన్నమాట. ముద్దనూరు చేరువనున్న రాయలసీమ థర్మల్ కేంద్రము మన పొరుగునే యున్నది. ఈ లెక్క మనకు పుస్తకములోని లెక్క కాదు.

అనంతపురము విద్యలో వెనుకబడిన చోటు కాదు. ఇంజనీరింగు కళాశాల 1946లోనే వెలసినది. అది 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో భాగమై, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైనది. 1968లో స్నాతకోత్తర కేంద్రముగా పుట్టిన సంస్థ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయమును వచ్చినది. ఇట్టి సంస్థలకు సాధారణముగా ఆవరణ మంతటికిని హైటెన్షను సరఫరా యుండును. అట్టి సరఫరాకు ముఖద్వారమున ఒక పెద్ద మీటరు, నెలకొక బిల్లు. ఆ బిల్లులో గ్రంథాలయమెంత, వసతిగృహమెంత, ప్రయోగశాలయెంత, వీధిదీపములెంత అనునది కనబడదు. వేయి యెకరముల ఆయకట్టుకు ఒక్క తూమువద్ద నీటిని కొలిచి, ఏ మడికి ఎంత పాఱినదో చూడనట్లే యిది.

మన సీమలో చెరువుల పాలన తెలిసినవారికి నీరుగంటి యెవరో చెప్పవలసిన పనిలేదు. అతడు ధనవంతుడు కాడు, పండితుడు కాడు. కాని ఏ కాలువకు ఏ జాము నీరు విడువవలెనో, ఏ గట్టు జాలువాఱుచున్నదో, ఏ మోతుబరి రాత్రివేళ గండి కొట్టునో అతనికి తెలియును. చివరి మడి యెండినచో ఊరు అతనినే అడుగును. 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కడపసీమలోని పోరుమామిళ్లయందు చెరువు కట్టించి శాసనము వేయించినప్పుడు, మంచి చెరువునకుండవలసిన పండ్రెండు అంగములను మాత్రమే చెప్పి యూరకుండలేదు. చెరువును చెఱచు ఆఱు దోషములనుగూడ రాతిపై చెక్కించెను. తన కట్టడములోని దోషములను ముందుగా ఎఱుగగోరుట మన పెద్దల మార్గము. చెరువునకు నీరుగంటి యుండెను. విద్యుత్తునకు నీరుగంటి యెవరు?

నేడు శాస్త్రజ్ఞులు దత్తాంశ విశ్లేషణమని, వాడుకలో డేటా ఎనలిటిక్స్ అని పిలుచునది, ఆడంబరమైన పేరు తీసివేసినచో, ఈ నీరుగంటి పనియే. ప్రతి భవనమునకు, వీలైనచో ప్రతి అంతస్తునకు, ఒక చిన్న మీటరు నమర్చుదురు. అది పావుగంటకొకసారి వాడుకను వ్రాసికొనును. దినమునకు 96 అంకెలు, సంవత్సరమునకు 35,040. ఒక్కొక్క అంకె మూగదే కాని, వరుసగా పేర్చినచో మాటలాడును. అర్ధరాత్రి రెండు గంటలకు ఖాళీ భవనము ఎంత వాడుచున్నది? ఆదివారమునకును సోమవారమునకును భేదమెంత? సెలవులలో వాడుక ఎంతకు పడినది, పడకున్నచో ఏల? సమాన విస్తీర్ణముగల రెండు భవనములలో ఒకటి రెండవదానికన్న ఎక్కువ తినుచున్నచో, ఆ ఆకలి ప్రయోగశాలదా, పాడైన యంత్రముదా? చలికాలపు నెలను వేసవి నెలతో పోల్చుటలో మోసముండును గనుక, నాటి ఉష్ణోగ్రతను ప్రక్కన వ్రాసికొని, ఇంత ఎండకు ఇంత వాడుక సహజమని ముందుగా అంచనా కట్టి, ఆ యంచనాకు మించినదానినే పట్టుకొందురు. ఇదియే విశ్లేషణము. ఇందులో ఇంద్రజాలమేమియు లేదు.

దీనివలన మఱియొక లాభము కలదు. హైటెన్షను వినియోగదారుడు యూనిట్లకు మాత్రమే గాక, నెలలో ఏ స్వల్పకాలమున వాడుక శిఖరమునకెక్కెనో ఆ గరిష్ఠ డిమాండునకును రుసుము చెల్లింపవలయును. మన రాష్ట్రమున అది యెంత తక్కువగ నున్నను ఒప్పుకొన్న డిమాండులో 80 శాతమునకు కట్టితీరవలెను. అవసరమునకు మించిన డిమాండునకు ఒప్పందము వ్రాసికొని వాడని శక్తికి రుసుము కట్టుట ఒక నష్టము. ప్రొద్దున పదిగంటలకు అన్ని యంత్రములను ఒక్కసారి తిప్పి శిఖరమును పెంచుకొనుట వేఱొక నష్టము. ఈ రెండును నెలసరి బిల్లు చూచి పట్టరానివి. పావుగంట అంకెలు చూచినవానికి దాగరానివి.

ఇవి కేవలము ఊహలని యెవరైన శంకింతురేమో. హైదరాబాదును చూడుడు. 1998లో స్థాపితమైన అచ్చటి అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ భవనముల శక్తివినియోగమునకై ప్రత్యేక పరిశోధన సాగించుచున్నది. ఆ సంస్థయు అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలయు కలిసి, హైదరాబాదు వాణిజ్య భవనములపై మీటర్లు పెట్టి, మిద్దెలకు తెల్లని పూత పూయుటకు ముందును వెనుకను కొలిచిరి. 2012లో ప్రకటింపబడిన ఆ ఫలితముల ప్రకారము, నల్లని మిద్దెలను తెల్లగా మార్చినందున చల్లదనమునకయ్యెడి విద్యుత్తులో 14 మొదలు 26 శాతము వఱకు తగ్గెను. సున్నము కొట్టిన మిద్దె చల్లగ నుండునని మన అవ్వలకు తెలియును. ఎంత చల్లగ నుండునో, ఎన్ని యూనిట్లు మిగులునో చెప్పినది కొలత. ఆ కొలత చేతనుండుటచేతనే అట్టి మాట ప్రభుత్వ విధానముగ మారగలదు. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని మిద్దెల విధానమును ప్రకటించినది.

హైదరాబాదు శివార్లలోని పోచారమున ఇన్ఫోసిస్ సంస్థ 2011లో తెఱచిన భవనము ఇంకను విలువైన పాఠము. ఒకే భవనమును సరిగా రెండు భాగములు చేసి, ఒకదానిని సాధారణ పద్ధతిలో మంచి యంత్రములతోడను, రెండవదానిని కప్పులోని గొట్టములలో చల్లని నీరు ప్రవహింపజేయు పద్ధతితోడను చల్లబఱచి, రెంటిని ప్రక్కప్రక్కనే కొలిచిరి. రెండవ భాగము సుమారు మూడింట ఒకవంతు తక్కువ విద్యుత్తును వాడెను. ఎండ యొకటే, గోడ లొకటే, పనివారి గంట లొకటే. ఇట్లు సరిసమానముగ నిలిపి పోల్చుటయే శాస్త్రమునకు ప్రాణము. అమ్ముకొనువాని ప్రకటనపత్రము శాస్త్రము కాదు.

విదేశములలో ఈ విద్యకు అర్ధశతాబ్దపు చరిత్ర కలదు. 1970 తరువాతి దశాబ్దమున అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు ట్విన్ రివర్స్ అను చోట ఒకే నమూనాలో కట్టిన ఇండ్లను పరిశీలించి, గోడలలో భేదము లేకున్నను కొన్ని ఇండ్ల వాడుక మఱికొన్నిటికి రెట్టింపు కలదని కనుగొనిరి. భేదము ఇటుకలలో లేదు, మనుష్యుల అలవాటులో ఉన్నది. ఈ సత్యము మనకును వర్తించును. అయితే ఈ గణితము మనకు పరదేశపు సరుకు కాదని గర్వముతో చెప్పగలము. సంఖ్యాశాస్త్రమునకు జగద్గురువనదగిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920లో నాటి బళ్లారి జిల్లాలోని హడగళ్లియందు జన్మించిన తెలుగువారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు చదివినవారు. 1882 వఱకు అనంతపురమును బళ్లారి జిల్లాలోని భాగమే. ఆ మహనీయుడు 2023లో స్వర్గస్థుడగుటకు ముందు అదే సంవత్సరమున అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానమును పొందెను. ఆయన పుట్టిన సీమలో, ఇంజనీరింగు, గణిత విద్యార్థులు వేలకొలది యుండగా, తమ కళాశాల కరెంటు లెక్క తీయుటకు పట్టణములనుండి కాంట్రాక్టరును పిలువవలెనా? పరీక్షకొఱకు కల్పిత లెక్కలు చేయు విద్యార్థికి తన తరగతిగదియే పాఠ్యగ్రంథము కారాదా?

ఆక్షేపణలను దాటవేయుట మా యభిమతము కాదు. మీటర్లకు ధనమేదని కొందఱందురు. వేసవిలో ఒక్క భవనముతో ఆరంభించి, మిగిలిన ధనముతో రెండవదానికి పోవచ్చును. ఒక్కసారి అంతయు కొనుమని మేము చెప్పుట లేదు. సౌరఫలకములు పెట్టుచున్నాము గదా, పొదుపేల అని వేఱొకరందురు. సూర్యుడు అస్తమించిన పిమ్మట ఫలకమునుండి విద్యుత్తు రాదు. వృథాయో రాత్రియందే యెక్కువ. పైగా, కదిరి ప్రాంతమునందలి నంబులపూలకుంటలో 2016 నుండి పెద్ద సౌరకేంద్రము నడుచుచున్నది. ఒక మెగావాటు ఫలకములకు నాలుగైదెకరముల నేల కావలయును. ఆ నేల ఆకాశమునుండి ఊడిపడలేదు. వృథా అగు ప్రతి యూనిటు వెనుక ఎవరిదో భూమి యున్నది.

మూడవ ఆక్షేపణ గంభీరమైనది. గదిలో ఎవరున్నారో కనిపెట్టు పరికరములు, విద్యార్థుల ఫోనుల జాడలు పట్టుకొని వాడుకను అంచనాకట్టు పద్ధతులు వచ్చినవి. విద్యుత్తును కాపాడు నెపమున మనుష్యులపై నిఘా పెట్టుటను మేము ఎన్నటికిని సమర్థింపము. 2017లో పుట్టస్వామి కేసునందు సర్వోన్నత న్యాయస్థానము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పుచెప్పినది. గదిలో ఎందఱున్నారో లెక్కించుటచే పని జరుగును. ఎవరెవరున్నారో వ్రాయ నక్కఱలేదు. నీరుగంటి మడిని చూచును గాని, ఇంటిలోనికి తొంగిచూడడు. ఈ హద్దును మొదటనే వ్రాసికొనవలయును.

నాల్గవది, పొదుపు పేర విద్యార్థులను ఉక్కలో ఉడికించుట. మే మాసములో అనంతపురపు ఎండ నెఱిగినవారెవ్వరును వసతిగృహమునందు పంకా కట్టివేయుమని చెప్పరు. పొదుపు అనగా అనుభవించువాడు లేని సుఖమును ఆపుట; అనుభవించువాని సుఖమును దొంగిలించుట కాదు. పాత పంకాకు బదులు 30 వాట్ల కొత్త పంకా వేసినచో గాలి తగ్గదు, బిల్లు తగ్గును. చల్లని యంత్రమును 24 డిగ్రీలవద్ద ఉంచినచో అధికారికి చెమట పట్టదు. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో సుమారు ఆఱు శాతము మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. 2020 జనవరి నుండి అమ్ముడుపోవు గది యంత్రములకు 24 డిగ్రీలే మొదటి అమరికగ నుండవలెనని నియమించినదియు అందులకే. అయితే అధికారి గదిని 18 డిగ్రీలవద్ద ఉంచి, విద్యార్థికి పొదుపుపై ఉపన్యాసమిచ్చుట మాత్రము తగదు.

ఇక అసలు మాట. 2020 సెప్టెంబరులో నాటి రాష్ట్రప్రభుత్వము సేద్యపు మోటారులకు మీటర్లు బిగింప సంకల్పించి, శ్రీకాకుళము జిల్లాలో ప్రయోగము చేసినది. రైతులోకములో ఎంత కలత రేగెనో పాఠకులకు తెలియును. ఆ వివాదమును మేమిచ్చట తిరుగదోడము. ఒక్క న్యాయమును మాత్రము ఉద్ఘాటించెదము. కఱవునేలలో మడి తడుపుకొను రైతును కొలువబూనిన ప్రభుత్వము, మొదట తన సొంత మేడలను కొలుచుకొనవలయును. రైతు మోటారు తినునది ధాన్యమై తిరిగివచ్చును. ఖాళీ గదిలోని పంకా తినునది ఏమై తిరిగివచ్చుచున్నది? తన యింటి పద్దును దాచి పొరుగువాని పద్దు నడుగువాని మాటకు విలువ యుండదు. విద్యాలయము మొదట లెక్క చూపినచో, రేపు ఎవరిని లెక్క యడుగుటకైనను రాజ్యమునకు మొగముండును.

కావున మా కోరికలు నాలుగు. ప్రతి విశ్వవిద్యాలయమును భవనమువారీగా మీటర్లు పెట్టి, నెలనెల వాడుకను ఆ భవనపు గుమ్మమునందే తెలుగున వ్రాసి అంటింపవలయును. దాగిన లెక్క లెక్క కాదు. స్విచ్చు కట్టు అధికారమును, తాళపుచెవియును గల ఒక వ్యక్తిని ప్రతి భవనమునకు బాధ్యునిగ నియమింపవలయును. లేనిచో అంకెలు కరణముగారి పాత చిట్టాలవలె చెదలపాలగును. మిగిలిన ధనములో కొంత ఆ శాఖకే, గ్రంథములకో వసతిగృహపు నీటికో, తిరిగి యీయవలయును. పొదుపుచేసినవానికి ఫలము దక్కనిచో రెండవయేట ఎవ్వడును పొదుపుచేయడు. నాల్గవది, అంకెలు సంస్థవే గాని మీటరు అమ్మినవానివి కారాదని ఒప్పందములో వ్రాసికొనవలయును. కొలత మన చేతినుండి జాఱినచో, దీపమును మన చేతినుండి జాఱినట్లే.

ఇవి కొండలను త్రవ్వు పనులు కావు. ధనముకన్న సిగ్గు, యంత్రముకన్న శ్రద్ధ ముఖ్యమైన పనులు. విద్యాలయములకు తమ పిల్లలను పంపువారు ముదిగుబ్బ, తలుపుల, తనకల్లువంటి ఊళ్లనుండి వేరుసెనగ అమ్మి రుసుములు కట్టు తల్లిదండ్రులు. వారిలో భూవసతి గలవారు, పట్టణములలో పలుకుబడి గలవారు ఈ పత్రికను చదువుచున్నారు. ఈసారి పిల్లవానిని చూడబోయినప్పుడు, చదువెట్లున్నదని యడిగిన పిమ్మట, ఈ మేడకు నెలకెంత కరెంటగుచున్నదని ఒక్కమాట అడుగుడు. ప్రిన్సిపాలుగారు తెల్లబోయినను వెనుదీయకుడు. పదిమంది యడిగిన మఱునాడు ఒక మీటరు వచ్చును. ఆ మేడకు నీరుగంటి దొరకును.